సిరీల్ ఎమే పాడే స్కాట్ అప్పటికప్పుడు పుట్టేదేనా? కల్పన స్వరాలు వచ్చినవాళ్ళకి అది సులువా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు పదేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకున్నారు. సిరీల్ ఎమే అనే ఫ్రెంచ్ జాజ్ గాయని మాటల్లేకుండా ‘దూ బ దీ’ అంటూ రెండు మూడు నిమిషాలు పాడిన వీడియో చూశారు (అలా పాడటాన్నే స్కాట్ అంటారు). అది ముందే తయారు చేసుకుని బట్టీ పట్టిందా, అక్కడికక్కడ వస్తుందా, మన కల్పన స్వరాలు (రాగంలో అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వచ్చినవాళ్ళు సులువుగా పాడగలరా, ఆవిడని ఎక్కడ నుంచి వినడం మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. అది అప్పటికప్పుడు పుట్టేదే. కావాలంటే ఆవిడ ఒకే పాటని రెండు వేరే కచేరీల్లో పాడిన వీడియోలు తీసుకుని పక్కపక్కన పెట్టి వినండి, పాట అదే, స్కాట్ మాత్రం వేరే. అయితే శూన్యంలోంచి పుట్టదు. కల్పన స్వరాలు పాడేటప్పుడు మీ గొంతులో ముందే కూర్చుని ఉన్న ప్రయోగాలు ఎలా బయటికి వస్తాయో, ఇదీ అంతే. ఇక మనవాళ్ళకి సులువా అంటే, సగం సులువు, మిగతా సగం మనం నేర్చుకున్నదే అడ్డం వస్తుంది. ఆ రెండో సగం గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందులో నేను చాలా ఏళ్ళు ఇరుక్కున్నాను. విజయనగరంలో పన్నెండేళ్ళు గాత్రం నేర్చుకుని, పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చి, ముప్పై దాటాక జాజ్ మొదలుపెట్టినదాన్ని. ఇప్పుడు పిల్లలకీ పెద్దలకీ రెండూ చెప్తున్నాను.

ఆవిడ ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఆ గొంతు ఎందుకలా పలుకుతుందో సగం తెలిసిపోతుంది. 1984లో పుట్టింది, నాన్న ఫ్రెంచ్, అమ్మది డొమినికన్ రిపబ్లిక్. పెరిగింది సామ్వా-స్యుర్-సేన్ అనే చిన్న ఊళ్ళో. ప్యారిస్‌కి ఆగ్నేయంగా, ఫాంటెన్‌బ్లో అడవి పక్కన, సేన్ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. జాజ్ గిటార్ వాయించేవాళ్ళకి అదొక పుణ్యక్షేత్రం లాంటిది, ఎందుకంటే గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ 1951లో అక్కడికి వచ్చి స్థిరపడ్డాడు, 1953లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1928లో, అతని బండిఇల్లు అంటుకుని ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే యూరప్ జాజ్‌కి కొత్త దారి వేశాడు. ఆయన పేరు మీద ఆ ఊళ్ళో వేసవిలో ఉత్సవం జరిగేది. నది మధ్యలో ఉన్న లంక మీద కచేరీలు, చుట్టూ మనూష్ కుటుంబాల బండ్లు, వాటి మధ్య మంటలు వేసుకుని తెల్లవార్లూ గిటార్లు. (మనూష్ అంటే జాంగో పుట్టిన సంచార జాతి, అందుకే ఆ బాణీని జాజ్ మనూష్ అంటారు.)

సిరీల్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు రాత్రిళ్ళు ఇంట్లో తెలియకుండా కిటికీలోంచి దూకి ఆ బండ్ల దగ్గరికి వెళ్ళేదట. అక్కడ నోటు పుస్తకాలు లేవు, పాఠం లేదు, అందరూ వాయిస్తుంటే విని అందుకోవడమే. గురువు గారి ఇంట్లో వంటగది పక్కన కూర్చుని పాఠాలు వింటూ పెరిగిన పిల్లల గురించి మన దగ్గర చెప్పుకుంటాం కదా, అలాంటి చదువు అది.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పాలి. ఆవిడ గొంతుతో గిటార్ వాయిస్తుంది. పాతతరం అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్ స్కాట్ పాడితే వెనక పెద్ద బ్యాండులోని బాకాలన్నీ ఆవిడ నోట్లో వినిపిస్తాయి. అదే తరం గాయని సారా వాన్ పాడితే కింది నుంచి పై వరకు జారే పొడవైన గీతలు, ఒక్కో స్వరం మీద నిలబడి రంగు మార్చడం. సిరీల్ అలా కాదు. గిటార్ తీగని మీటితే శబ్దం టక్కున పుట్టి వెంటనే సన్నబడుతుంది, బాకాలా నిలబడదు. ఆవిడ స్వరాలు అలాగే ఉంటాయి: పొట్టిగా, శుభ్రంగా, మొదట్లో చిన్న మీటుతో. కార్డ్‌లోని స్వరాలని కింద నుంచి పైకి వరసగా మీటుకుంటూ ఎక్కి, పై నుంచి దొర్లుకుంటూ దిగుతుంది, అది పూర్తిగా మనూష్ గిటారిస్టుల అలవాటు. (కార్డ్ అంటే ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుత్తి. మీకు తెలిసే ఉంటుంది, చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా.)

లయ కూడా అక్కడిదే. జాంగో 1934లో మొదలుపెట్టిన క్వింటెట్‌లో (ఐదుగురి బృందంలో) మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక బేస్. డ్రమ్స్ లేవు. డ్రమ్స్ పని గిటార్లే చేస్తాయి, ‘లా పోంప్’ అనే కొట్టుతో, నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ పొడిగా తెగ్గొట్టి. దాని మధ్యలో పెరిగినవాళ్ళకి తాళం బయటినుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో ఆవిడ ‘ఇట్స్ ఎ గుడ్ డే’ ఆల్బమ్ చేసినప్పుడు పియానో పెట్టుకోలేదు, మూడు గిటార్లు పెట్టుకుంది. ఒకటి మనూష్ బాణీ, ఒకటి ఎలక్ట్రిక్, ఒకటి బ్రెజిల్ పద్ధతిలో నైలాన్ తీగలది. జాంగో మూడు గిటార్లకీ దీనికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పియానో లేకపోతే గాయనికి ఒక లాభం కూడా ఉంది. పియానో పది వేళ్ళతో జాగా అంతా నింపేస్తుంది. గిటార్లు అలా నింపవు కాబట్టి సన్నటి గొంతుకి కూడా చోటు దొరుకుతుంది.

కెరీర్ సంగతులు త్వరగా చెప్పేస్తాను. 2007లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో జాజ్ ఉత్సవం గాత్ర పోటీలో గెలిచింది. చదువు కోసం న్యూయార్క్ వచ్చి, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన పర్చేజ్ కాలేజీలో జాజ్ చదివింది, న్యూయార్క్ చిన్న క్లబ్బుల్లో వారం వారం పాడుతూ నలిగింది. 2010లో వాషింగ్టన్‌లో జరిగిన థెలోనియస్ మాంక్ పోటీలో మూడో స్థానం. అప్పుడు మొదటి స్థానం ఎవరికి వచ్చిందో తెలుసా, సెసిల్ మెక్లోరిన్ సాల్వాంట్‌కి. ఆవిడ మయామీలో పుట్టినా జాజ్ నేర్చింది ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో. అంటే అమెరికాలో జాజ్ గాయకులకి ఉన్న అతి పెద్ద పోటీలో ఆ ఏడాది మొదటి ముగ్గురిలో ఇద్దరికి ఫ్రాన్స్‌తో గట్టి సంబంధం ఉంది. 2012లో న్యూజెర్సీలోని నువార్క్‌లో సారా వాన్ పేరు మీద మొట్టమొదటిసారి పెట్టిన గాత్ర పోటీలో సిరీల్ గెలిచింది. సారా వాన్ పుట్టిన ఊరు నువార్కే. మా ఎడిసన్ నుంచి రైలెక్కితే అరగంట కాస్త అటూ ఇటూ, ఇక్కడున్న తెలుగువాళ్ళలో ఎంతమందికి ఈ పోటీ గురించి తెలుసో! పిల్లలు జాజ్ పాడుతుంటే ఒక్కసారి తీసుకెళ్ళి చూపించండి.

ఆ తర్వాత ఆవిడ న్యూ ఆర్లీన్స్‌కి మారింది. కాబట్టి ‘ఫ్రెంచ్ జాజ్ గాయని’ అన్నప్పుడు ఒక జాగ్రత్త: పుట్టుక, పునాది ఫ్రాన్స్, కానీ వృత్తి జీవితం ఎక్కువగా అమెరికాలోనే. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో పాడుతుంది. 2016 నాటి ‘లెట్స్ గెట్ లాస్ట్’లో అమ్మ దేశానికి చెందిన హువాన్ లూయిస్ గెర్రా పాట ఒకటీ, సొంత ఊరు సామ్వా మీద తను రాసుకున్న పాట ఒకటీ ఉన్నాయి. ఆ ఒక్క ఆల్బమ్‌లో ఆవిడ ఊళ్ళన్నీ కనిపిస్తాయి.

ఇప్పుడు బట్టీ సంగతి. మీకు ఆ అనుమానం రావడం తప్పేమీ కాదు, ఎందుకంటే మాటల్లేకుండా పాడే జాజ్ అంతా అప్పటికప్పుడు పుట్టేది కాదు, బట్టీ పట్టి పాడే గొప్ప పద్ధతి కూడా ఒకటి ఉంది, అదీ ఫ్రాన్స్‌లో బాగా పండింది. కమీల్ బెర్తో అనే ఇంకో ఫ్రెంచ్ గాయని ఉంది. జాన్ కోల్ట్రేన్ 1959లో ‘జయంట్ స్టెప్స్’లో వాయించిన శాక్సఫోన్ సోలోని స్వరం పొల్లుపోకుండా గొంతుతో పాడి 2015లో వీడియో పెట్టింది, అది ప్రపంచమంతా తిరిగింది. ఆ వేగంలో ఆ సోలో పాడటమంటే ఎంత సాధనో, నేను మొదటి పది సెకన్లు దాటలేకపోయాను. కానీ అది కోల్ట్రేన్ కల్పన, కమీల్ సాధన. ఇంకా వెనక్కి వెళ్తే 1959లో ప్యారిస్‌లో మీమీ పెరాన్ మొదలుపెట్టిన ‘లే దూబ్ల్ సీస్’ బృందం వాద్యాల సోలోలకి ఫ్రెంచ్ మాటలు రాసి పాడేది. ఆరుగురు గాయకులు పాడినదాని మీద వాళ్ళే మళ్ళీ పాడి పన్నెండు గొంతులు చేసేవాళ్ళు, పేరు అందుకే ‘రెండు ఆరులు’. తర్వాత 1962లో స్వింగల్ సింగర్స్ వచ్చి బాక్ రచనలని ‘ద బ ద’ అంటూ పాడారు. ఉన్న సోలోకి మాటలు కట్టి పాడటాన్ని వోకలీజ్ అంటారు, స్కాట్ అనరు. మన లెక్కలో చెప్పాలంటే, చిట్టస్వరం (ముందే కట్టి ఉంచిన స్వరాలు) పాడటానికీ కల్పన స్వరం పాడటానికీ ఉన్న తేడా. చిట్టస్వరం తక్కువదని కాదు, పని వేరు.

సిరీల్‌ది రెండో రకం, కల్పన.

సరే, మనవాళ్ళకి ఎక్కడ అడ్డం పడుతుందో చెప్తాను. నా మొదటి జామ్ సెషన్ ఇప్పటికీ గుర్తుంది. ఒక చిన్న క్లబ్బు, ముగ్గురు వాయించేవాళ్ళు, ఎవరైనా వచ్చి పాడొచ్చు. ‘ఆటమ్ లీవ్స్’ పాడతానన్నాను. (అదీ నిజానికి ఫ్రెంచ్ పాటే, యోజెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ.) పాట బాగానే పాడాను. స్కాట్ దగ్గరికి వచ్చేసరికి, మైనర్ పాట కదా, నటభైరవి అనుకుని హాయిగా కల్పన స్వరాలు మొదలుపెట్టాను, ‘సరిగ’ బదులు ‘దూ బ ద’ అంటూ. నాలుగు బార్లు (బారు అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ముక్క) బ్రహ్మాండంగా ఉంది. ఐదు దాటాక ఏదో చేదుగా తగిలింది. మళ్ళీ ఎనిమిది బార్లకి అదే చోట అదే చేదు. మధ్య భాగం వచ్చేసరికి నేనెక్కడున్నానో నాకే తెలియలేదు, పియానో ఆయన నా వైపు చూస్తూ తల ఊపి చోటు చూపించాడు, నేను పట్టుకోలేక ఆపేశాను. ఇంటికి వచ్చి రాత్రంతా ఆ పాట కార్డ్స్ రాసుకుని చూశాను.

జరిగింది ఇది. పాట నిలిచే మైనర్ ఆధార స్వరాన్ని స అనుకుంటే, ఆ పాట మొదటి నాలుగు బార్లకీ కైశికి నిషాదం (కింది ని) చక్కగా సరిపోతుంది. ఆరో బారులో పంచమం మీద కట్టిన కార్డ్ వస్తుంది, దాని లోపల కాకలి నిషాదం (అరమెట్టు పైది) ఉంటుంది. బ్యాండు కాకలి వాయిస్తుంటే నేను కైశికి పట్టుకుని కూర్చున్నాను. అంటే ఆ పాటలో ఎక్కువ భాగం నటభైరవి, ఆ కార్డ్ వచ్చే బారులో కీరవాణి, వెంటనే మళ్ళీ వెనక్కి. మన చెవికి ఇది అపచారం. రాగం మధ్యలో ఒక్క బారుకోసం నిషాదం మార్చడమేమిటి? అక్కడ మాత్రం మార్చకపోతే తప్పు.

అదీ అసలు తేడా. మనకి కింద తంబురా కదలదు, ఒకే స, ఒకే రాగం, ఆ నేల మీద ఎంత దూరమైనా నడుస్తాం. జాజ్‌లో నేలే బారుకొకసారి జరుగుతుంది. స్కాట్ పాడేవాళ్ళ గొప్పదనం ఎక్కడ తెలుస్తుందంటే, వెనక బ్యాండు ఆపేసి గొంతు ఒక్కటే వినిపించినా కార్డ్ ఎక్కడ మారిందో మీకు తెలియాలి. సిరీల్ పాడేటప్పుడు గమనించండి, చాలాచోట్ల బేస్ ఒక్కటే మిగుల్చుకుని, లేదా అందరినీ ఆపేసి పాడుతుంది, అయినా పాట ఆకారం చెదరదు.

ఎలా చేస్తారో ఒక చిన్న ఉదాహరణ ఇస్తాను, మీరు ఇంట్లో పాడి చూడండి. శంకరాభరణం తీసుకోండి. జాజ్‌లో లెక్కలేనన్ని పాటల్లో వచ్చే మూడు కార్డ్స్ ఇవి: మొదటిది రి-మ-ధ-స, రెండోది ప-ని-రి-మ, మూడోది స-గ-ప-ని. మొదటి కార్డ్‌లో స మీద నిలబడండి. రెండో కార్డ్ రాగానే స నుంచి ని కి దిగండి, అరమెట్టు మాత్రమే. మళ్ళీ రెండో కార్డ్‌లో మ పట్టుకోండి, మూడోది రాగానే మ నుంచి గ కి దిగండి. అంతే. ఈ రెండు దిగుళ్ళు వినిపిస్తే చాలు, వెనక ఎవరూ వాయించకపోయినా వినేవాడికి కార్డ్స్ మారినట్టు తెలుస్తుంది. ఇప్పుడు మనూష్ రుచి కావాలంటే రెండో కార్డ్ మీద ని-రి-మ-ధ అని పైకి ఎక్కండి, కానీ ధ మాత్రం శుద్ధ ధైవతం (అరమెట్టు కిందిది) పెట్టండి, దాన్నుంచి మూడో కార్డ్‌లోని ప లోకి జారండి. శంకరాభరణంలో లేని ఆ ధైవతం ఒక్క క్షణం నిప్పురవ్వలా తగిలి పోతుంది. జాంగో సోలోల్లో ఇది అడుగడుగునా ఉంటుంది, సిరీల్ పాటల్లోనూ వెతికితే దొరుకుతుంది.

రెండో అడ్డంకి గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం. ఇది చెప్తే మా గురువుగారు బాధపడతారేమో కానీ చెప్పాల్సిందే. వెనక నాలుగు స్వరాల కార్డ్ మోగుతున్నప్పుడు మనం గాంధారాన్ని ఊపితే ఆ ఊపు పక్క స్వరాలతో రాసుకుని మసకబారుతుంది. స్వరాన్ని నేరుగా, నడిమధ్యన తాకాలి. సిరీల్ గొంతులో వణుకు చాలా తక్కువ, వాక్యం చివర ఎక్కడో కాస్త వదులుతుంది. జారుడు ఉంటుంది, అది కూడా వాక్యం మొదట్లోనో చివర్లోనో. నా దగ్గరికి వచ్చే కర్ణాటక పిల్లలకి మొదటి నెల నేను చేయించేది ఇదొక్కటే, ఊపకుండా పాడటం. వాళ్ళకి అది గొంతు కట్టేసినట్టు ఉంటుంది.

మూడోది అక్షరాలు. కల్పన స్వరాల్లో గ పాడితే నోరు ‘గ’ అనాలి, తప్పించుకోలేం. స్కాట్‌లో అక్షరానికీ స్వరానికీ సంబంధం లేదు, అక్షరం లయ కోసం. అందుకే స్కాట్‌ని నేను స్వరకల్పన కంటే కొన్నక్కోల్‌కి (మృదంగం సొల్లుని నోటితో పలకడానికి) దగ్గరగా చూస్తాను: మృదంగం సొల్లుకి స్వరం తొడిగినట్టు. స్వింగ్ అనే జాజ్ ఊగే నడకని తిశ్రంలో ఊహించుకోండి, మూడింట్లో మొదటి రెండూ ‘దూ’ కి, మూడోది ‘బ’ కి. ‘దూ-బ, దూ-బ’. బరువు పెద్దదాని మీద వేస్తే పెళ్ళి ఊరేగింపులా నడుస్తుంది, చిన్న ‘బ’ ని కాస్త నొక్కితే స్వింగ్ వస్తుంది. ఇంకొకటి, తెలుగువాళ్ళు ఇంగ్లిష్ ‘డి’ అనుకుని ‘డ’ వాడతారు, అది నాలుక మడిచి కొట్టే అక్షరం, వేగంలో బరువైపోతుంది. మెత్తని చోట ‘ద’ వాడండి, ఒత్తు కావలసిన చోట మాత్రమే ‘డ’. మనకి రెండు అక్షరాలు ఉండటం మన అదృష్టం, వాడుకోండి.

ఇక మనకి కలిసొచ్చేవి తక్కువేమీ కాదు. విని పట్టుకునే చెవి, శ్రుతి, లెక్క తప్పని తాళం, నలుగురి ముందు కల్పన చేసే ధైర్యం. ఇవి లేక ఇక్కడి పిల్లలు ఏళ్ళు కష్టపడతారు. తాళంలో ఒక్క మార్పు: చేతిలో ఆవృత్తం వేయకుండా ముప్పై రెండు బార్ల పాటని లోపల మోయాలి. ఎనిమిదేసి బార్లు నాలుగు ముక్కలు, మూడో ముక్క వేరే బాణీ. కోర్వై (లెక్క కట్టిన ముగింపు) వేసి ఎత్తుగడకి వచ్చి పడటం అలవాటైనవాళ్ళకి ఈ ముక్కల చివర్లు పట్టుకోవడం త్వరగానే వస్తుంది.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. ముప్పై ఏళ్ళుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సిరీల్ అంటే ప్రాణం. ఆవిడ స్కాట్ ఒకదాన్ని రెండు నెలలు కూర్చుని ఊపిరి తీసుకునే చోటుతో సహా దించాడు. పాడితే నేను ఆశ్చర్యపోయాను. అదే పాట ఇంకో శ్రుతిలో, కాస్త నెమ్మదిగా వాయించి ఇప్పుడు నీది పాడు అంటే ఒక్క ముక్క రాలేదు. చాలా నీరసపడిపోయాడు, ఆ రెండు నెలలూ వృథా అనుకున్నాడు. వృథా కాదు. ఆ సోలోని రెండేసి బార్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని అన్ని శ్రుతుల్లోనూ పాడించి, తర్వాత మొదటి సగం ఆవిడది, రెండో సగం నీది అని పాడించాను. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు అతని స్కాట్‌లో ఆవిడ వాక్యాలు అక్కడక్కడా మెరుస్తాయి కానీ మిగతాది అతనిదే. సిరీల్ కూడా ఆ బండ్ల మధ్య గిటారిస్టుల నుంచి ఇలాగే తీసుకుని ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

ఇంకొక పదిహేనేళ్ళ అమ్మాయి, కల్యాణిలో పది నిమిషాలు స్వరాలు పాడేస్తుంది, స్కాట్ అనగానే బిగుసుకుపోయింది. టెన్షన్ ఎందుకంటే ఎటు వెళ్ళాలో చెప్పే ఆరోహణ అవరోహణ లేవు. తనకి మూడు వారాలు రెండే స్వరాలు ఇచ్చాను, స, ని. ఆ రెంటితోనే పాటంతా లయ మార్చి పాడాలి. మూడో వారం చివర్లో వాళ్ళమ్మ ఫోన్ చేసి, ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా పాడుతోందండీ అంది.

లూప్ గురించి కూడా చెప్పాలి, మీరు చూసిన వీడియోలో అది ఉండొచ్చు. స్టేజీ మీద ఒంటరిగా నిలబడి, ఒక యంత్రంలోకి నోటితో బేస్ పాడి, దాని మీద నోటితోనే తాళం, దాని మీద రెండు మూడు వరసల గొంతులు, వాటిపైన స్కాట్. లే దూబ్ల్ సీస్ వాళ్ళు స్టూడియోలో చేసింది ఈవిడ జనం ఎదుట ఒక్కతే చేస్తుంది. కష్టం ఏమిటంటే మొదట పాడిన బేస్‌లో వెంట్రుకవాసి తాళం జారినా అది పాట అయిపోయేదాకా తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. శ్రుతిలోనూ అంతే. ఇంట్లో ఫోన్‌లో లూప్ యాప్ వేసుకుని చేసి చూడండి, మీ శ్రుతి తాళాల నిజస్వరూపం ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను వారానికి మూడు రోజులు ఇదే చేస్తాను.

స్కాట్ కోసమే ఆవిడని వింటే మాత్రం సగం పోగొట్టుకుంటారు. 2013లో న్యూయార్క్ సిటీ సెంటర్‌లో స్టీఫెన్ సాండ్‌హైమ్ నాటక గీతాలతో ఒక ప్రదర్శన జరిగింది, ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్, లింకన్ సెంటర్ జాజ్ ఆర్కెస్ట్రా వాయించారు. బ్రాడ్‌వేలో తలపండిన బెర్నడెట్ పీటర్స్ లాంటివాళ్ళ పక్కన ఈవిడ పాడింది. ఆ పాటల్లో మాటకీ స్వరానికీ మధ్య గోరు దూరదు, స్వింగ్ చేద్దామంటే మాట విరిగిపోతుంది. అయినా ఆ పాటలని వదలకుండా పట్టుకుని 2019లో ‘మూవ్ ఆన్’ అని ఆల్బమంతా వాటితోనే చేసింది. అందులో ‘మ్యారీ మీ ఎ లిటిల్’కి బ్రెజిల్ గిటారిస్టు దియెగో ఫిగెరెదోతో కలిసి కూర్చిన వాద్య సంవిధానం గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళింది. ఆ పాటలో ఒక గిటార్, ఒక గొంతు, మాట పలికే తీరు వినండి. ఆవిడ ఇంగ్లిష్‌లో ఫ్రెంచ్ యాస సన్నగా ఉంటుంది, దాచుకోదు. మన పిల్లలు జాజ్ పాడగానే అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటారు, దాంతో గొంతు ముందుకు రాకుండా ఎక్కడో ముక్కు వెనక ఇరుక్కుంటుంది. నేను వాళ్ళకి ఈ పాటే వినిపిస్తాను.

ఆవిడ గొంతు అందరికీ నచ్చుతుందని చెప్పను. సన్నగా, తేలిగ్గా, కొంచెం చిన్నపిల్ల గొంతులా ఉంటుంది. మైకుకి దగ్గరగా పాడే గొంతు. గుండెల్లోంచి తవ్వి తీసే విషాదం, మాటల్లో నాటకం కావాలనుకుంటే సెసిల్ మెక్లోరిన్ సాల్వాంట్ దగ్గరికి వెళ్ళండి, నాకు ఆవిడంటేనూ అంతే ఇష్టం. కానీ లయలో సంతోషం ఎలా ఉంటుందో తెలియాలంటే సిరీల్ దగ్గరే.

వినే వరస అడిగారు కాబట్టి: ముందు ‘ఇట్స్ ఎ గుడ్ డే’, మూడు గిటార్ల కోసం. ఒక్కో గిటార్‌ని విడిగా వెంటాడుతూ మూడుసార్లు వినండి. తర్వాత ‘లెట్స్ గెట్ లాస్ట్’. ఆపైన 2018లో వచ్చిన ప్రత్యక్ష కచేరీ ఆల్బమ్ ‘లైవ్’, ఎందుకంటే జనం ఎదుట ఆవిడ ఇంకో మనిషి. ‘మూవ్ ఆన్’ నాలుగోది. న్యూ ఆర్లీన్స్ జాజ్ ఆర్కెస్ట్రాతో 2021లో చేసిన ‘పెతీత్ ఫ్లర్’ చివర్లో వినండి, అంత పెద్ద బృందం ముందు ఆ చిన్న గొంతు గట్టిగా అరవకుండానే ఎలా నిలబడిందో అప్పటికి మీకు అర్థమవుతుంది.

సాధన విషయానికొస్తే, వచ్చే రెండు వారాలు కొత్త పాట ఏదీ వద్దు. పైన చెప్పిన మూడు కార్డ్స్ ఎవరిచేతనైనా గిటార్ మీదో కీబోర్డ్ మీదో వాయించి రికార్డ్ చేసుకోండి. మొదటి రెండూ ఒక్కో బారు, మూడోది రెండు బార్లు, మొత్తం నాలుగు, అది తిరుగుతూ ఉండాలి. మొదటి వారం స-ని, మ-గ దిగుళ్ళు తప్ప ఇంకేమీ పాడకండి. రెండో వారం వాటి మధ్య జాగా ‘దూ-బ’తో నింపండి, గమకం లేకుండా. ఆ తర్వాత వెనక వాయిద్యం తీసేసి మీ గొంతు ఒక్కటే ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి. కార్డ్స్ మారే చోట్లు నాకు వినిపిస్తున్నాయో లేదో చెప్తాను, అక్కడినుంచి ఆటమ్ లీవ్స్‌లోని ఆ ఆరో బారుకి వెళ్దాం.